మూసుకోని ఫైల్

తెర మీద మళ్లీ అదే ఎర్ర గీత!

ఫైల్ తెరుచుకోలేదు.

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి. వెనక బూట్ల చప్పుడు. అటూ ఇటూ... అటూ ఇటూ...

బయట కుండపోత వాన. సాయంత్రానికే చీకటి కమ్మేసింది. షాపు షట్టర్ సగం దించి ఉంది. దించింది ఆమె కాదు.

"ఏమంటోందమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు.

"మొండికేస్తోంది సార్."

ఊళ్లో ఆమెను అందరూ ఫైలు డాక్టరమ్మ అంటారు. పెళ్లి వీడియోలు, పుట్టినరోజు వీడియోలు, సీసీ కెమెరా రికార్డింగులు... తెరుచుకోనని భీష్మించుకు కూర్చున్న ప్రతి ఫైలూ చివరికి ఈ టేబుల్ మీదికే వస్తుంది. ఈ పని తెలిసినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు.

ఇవాళ టేబుల్ మీదున్నది తమ్ముడి చావు.

కొత్తగా కడుతున్న భవనాన్ని వీడియో తీయడానికి పై అంతస్తుకి ఎక్కాడు తమ్ముడు. ఎవరో కాల్చేశారు. ఆ భవనానికి కాపలా ఆమె భర్త. తూటా ఆయన తుపాకీలోదే. ఇంకేం కావాలి? తీసుకెళ్లి లాకప్‌లో పడేశారు. ఆ బావాబావమరుదులు ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్లు కారని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. వినిపించుకున్నవాళ్లు లేరు.

తమ్ముడి కెమెరా దొరకలేదు. అది కిందపడ్డప్పుడు ఎగిరిపోయిన మెమరీ కార్డు మాత్రం ఇసుకలో కూలీలకు దొరికింది. కోర్టుకి చేరింది. రేపు ల్యాబ్‌కి వెళ్తుంది. ఈలోపు ఆమెను కూడా ఒకసారి చూడమని, భర్త బతుకు దాని మీదే ఉందని, కార్డుని స్వయంగా పట్టుకొచ్చాడు ఇన్‌స్పెక్టర్.

ఎంత మంచివాడో అనుకుంది. రెండు చేతులా దండం కూడా పెట్టింది.

ఎందుకు తెరుచుకోదని అతను అడిగితే చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కెమెరా బొమ్మనీ శబ్దాన్నీ ముక్కలుగా రాసుకుంటూ పోతుంది. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం ఆఖర్న, స్టాప్ నొక్కాక రాస్తుంది. నొక్కకముందే కార్డు ఊడిపోతే పట్టిక ఉండదు. వంటింట్లో డబ్బాలన్నీ నిండుగా ఉంటాయి, ఏ డబ్బాలో ఏముందో తెలీదు.

"స్టాప్ నొక్కకపోతే ఫైల్ మూసుకోదు సార్. మూసుకోని ఫైల్ తెరుచుకోదు."

ఆ మాటకి అతను తెగ నవ్వాడు.

అలాంటి కెమెరాతోనే, అవే సెట్టింగుల్లో తీసిన మంచి వీడియో ఒకటి కావాలి. దాని పట్టిక చూసి దీనికి పట్టిక కట్టాలి. తమ్ముడి పాత వీడియోలన్నీ వేరే సెట్టింగుల్లోవి. ఆమె అద్దె కెమెరాతో ప్రయత్నించింది. కుదర్లేదు. ఇప్పుడు కూడా కుదర్లేదు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తాడు.

"ఇది పెట్టి చూడు. అదే మోడల్. ఎవరో షాపువాణ్ణి అడిగి తీయించా."

ఆమె పెన్‌డ్రైవ్ పెడుతుంది. ఖాళీ గోడ వీడియో. దాని లోపలి అమరిక తెరుస్తుంది. అక్షరాలు... అంకెలు... కెమెరా మోడల్... దాని పక్కన ఓనర్ పేరు. మెనూలో పేరు రాసుకుంటే ఆ కెమెరా తీసే ప్రతి వీడియోలోనూ అది నక్కి ఉంటుంది. చాలామంది రాసుకోరు.

ఇక్కడ ఉంది.

ఇంగ్లీషు అక్షరాల్లో... ఏ... కే... కే... కే... ఏ!

ఆమె మళ్లీ లెక్కపెడుతుంది. మూడు కేలు.

ఆ కెమెరా తమ్ముడికి కొనిచ్చింది ఆమే. నీ పేరే పెడతానని మెనూలో 'అక్క' అని కొట్టాడు. ఒక కే ఎక్కువ పడింది. పదో క్లాసు ఎలా గట్టెక్కావురా అని వెక్కిరిస్తే, "ఒత్తుకి కూడా ఒత్తిచ్చానక్కా, ప్రేమ ఎక్కువై" అన్నాడు. మళ్లీ దిద్దనే లేదు.

ఇంకే కెమెరాకీ ఈ తప్పు ఉండదు.

దొరకని కెమెరా... వెనక నిలబడ్డ మనిషి దగ్గరుంది!

భయం. భయంలోనే అంతా అర్థమవుతుంది. కార్డు కోర్టు లెక్కలో ఉంది కాబట్టి ఊరికే మాయం చేయలేడు. అందులో తన మొహం ఉందో లేదో ముందు తెలియాలి. లేకపోతే కార్డు ల్యాబ్‌కి వెళ్తుంది. ఉంటే...

"ఏమైందమ్మా? ఆగిపోయావు?"

"జల్లు లోపలికి కొడుతోంది సార్. కిటికీ వేసొస్తా."

లేస్తుంది. కిటికీ పక్కన స్టాండు మీద షాపు కెమెరా. దాటుతూ బటన్ నొక్కుతుంది. రికార్డింగ్ మొదలైంది. ఎర్ర లైటు వెలుగుతుంది. కిటికీ మూసి, దాని తెర లాగి లైటుకి అడ్డం వేస్తుంది.

వచ్చి కూర్చుంటుంది.

చేయగలిగింది ఒక్కటే. ఫైల్ చచ్చిపోయిందని ఇతన్ని నమ్మించాలి. నమ్మితే రేపు కార్డు ల్యాబ్‌కి వెళ్తుంది. అక్కడ ఎవరో ఒకరు తెరుస్తారు. ఆయన ఇంటికొస్తాడు.

బొమ్మ సెట్టింగుల్లో ఒక అంకె తప్పు కొడుతుంది. ఎంటర్.

తెర నిండా ఆకుపచ్చ మరకలు. మనిషి లేడు, గోడ లేదు, ఆకాశం లేదు.

"ఇంతే సార్. పోయింది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా రాదు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూస్తాడు. చాలాసేపు చూస్తాడు. పెద్దగా ఊపిరి వదులుతాడు. పాపం మీ ఆయన, అంటూ టోపీ అందుకుంటాడు.

నమ్మాడు!

అప్పుడు... స్పీకర్ గరగరమంటుంది.

"సార్, ఆ గోతిలో పూడుస్తున్నది ఎవర్ని?"

తమ్ముడి గొంతు!

శబ్దం! ఫైల్లో బొమ్మ వేరు, శబ్దం వేరు. బొమ్మని చెడగొట్టింది. శబ్దాన్ని మరిచిపోయింది. రోజూ చేసే పనిలో, రోజూ చూసే ఫైల్లో... ఇవాళే మరిచిపోయింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మా బావ తుపాకీ మీ చేతికెలా వచ్చింది?"

ఆమె మౌస్ కోసం తడుముకుంటుంది. అందదు.

ధన్!

స్పీకర్లోంచి. ఆ తర్వాత ఏదో కిందపడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆకుపచ్చ మరకలు ఆరిపోయి తెర నల్లబడుతుంది. ఆ నల్లటి అద్దంలో ఇద్దరి నీడలు. వాటి మధ్య... గడియ పడని కిటికీలోంచి గాలి కొట్టి దాని తెర పక్కకి తప్పుకుంది... చిన్న ఎర్ర చుక్క!

ఆమె చూసింది. అతనూ చూశాడు.

ఆమె దూకుతుంది! స్టాప్ నొక్కాలి. ఒక్కసారి నొక్కితే చాలు. పట్టిక రాసుకుంటుంది. ఫైల్ మూసుకుంటుంది. ఎవరైనా, ఎక్కడైనా తెరుచుకోవచ్చు!

వేలు బటన్‌కి బెత్తెడు దూరంలో ఉండగా మణికట్టు అతని చేతిలో చిక్కుతుంది.

గింజుకుంటుంది. అరుస్తుంది. వాన ఆ అరుపుని మింగేస్తుంది.

"సార్... ఆయన్ని వదిలెయ్యండి సార్. ఎవరికీ చెప్పను. మా తమ్ముడి మీద ఒట్టు..."

తను ఏమంటోందో విని తనకే సిగ్గేస్తుంది. అయినా మళ్లీ అదే అంటుంది. చేతిలో ఇంకేమీ లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి కోపం కూడా రాలేదు. పాత వైరింగ్, షాపు తగలబడిపోయిందంటే కార్డు ఏమైందని ఎవరూ అడగరని నింపాదిగా చెబుతాడు. ఖాళీగా ఉన్న చేత్తో కెమెరాని తనవైపు తిప్పుకుంటాడు. స్టాప్ బటన్ జోలికి పోడు.

"స్టాప్ నొక్కకపోతే మూసుకోదు. మూసుకోనిది తెరుచుకోదు. నువ్వు చెప్పిందేగా, డాక్టరమ్మా?"

బ్యాటరీ పీకేస్తాడు.

ఎర్ర చుక్క ఆరిపోతుంది.

షాపు కెమెరా కార్డులో అన్నీ ఉన్నాయి. అతని గొంతు, తమ్ముడి గొంతు, ఆమె బతిమాలడం... డబ్బాలన్నీ నిండుగానే ఉన్నాయి. పట్టికే లేదు.

దాన్ని తెరవగలిగిన మనిషి ఈ ఊళ్లో ఒక్కతే.

ఆ సంగతి అతనికీ తెలుసు.

ధన్!