బోర్డు మీద బిట్విక్స్ట్

మధ్యాహ్నం గంట కొట్టారు. ఏడో తరగతి పిల్లలు టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టి, నోటుబుక్కుల్లో గబగబా రాసుకుంటున్నారు. బోర్డు మూలన తులసి ఆ రోజు మాట రాసింది. ‘బిట్విక్స్ట్ అంటే మెలికలు తిరిగిన.’

రోజుకో కొత్త ఇంగ్లీషు మాట బోర్డు మీద రాయడం జనార్దనరావు మాస్టారు పెట్టిన అలవాటు. ఆయన ట్రైనింగుకని బాపట్ల వెళ్తూ ఆ పని క్లాసు లీడరు తులసికి అప్పజెప్పారు. ఇంకేముంది, తులసి కాలు నేల మీద నిలవలేదు. పాత ఇంగ్లీషు పద్యాల పుస్తకంలో ఒక బొమ్మ కింద ఈ మాట దొరికింది. బొమ్మలో రెండు కొండలు, మెలికలు తిరిగిన ఏరు. అర్థం అదే అయ్యుంటుందనుకుంది.

“డిక్షనరీలో చూశావా?” అంది ఆమె స్నేహితురాలు సరోజ.

“చూడకుండా రాస్తానా ఏంటి?”

నిజానికి చూడలేదు. డిక్షనరీ స్టాఫ్ రూములోనే ఉంది. అడిగితే లీడరుకే తెలియదా అంటారని నామోషీ.

“అయితే నా ఇంగ్లీషు ఉపన్యాసంలో పెడతా. రేపు రేపల్లెలో పోటీ కదా!” అంది సరోజ సంబరంగా. నెల రోజులుగా దాన్నే బట్టీ పడుతోంది.

 బడి వదిలాక తులసి స్టాఫ్ రూముకెళ్లి డిక్షనరీ తీసి చూసింది. బిట్విక్స్ట్ అంటే ‘మధ్య’! బిట్వీన్‌కి పాత రూపం. పద్యాల్లో తప్ప ఇప్పుడు పెద్దగా వాడరట. అప్పటికే సరోజ వాళ్ల ఊరు అంగలకుదురు వెళ్లిపోయింది.

ఇంట్లో తేలు కుట్టిన దొంగలా కూర్చున్న తులసి చివరికి అమ్మకి చెప్పేసింది.

“రేపల్లె రైలు ఎన్నింటికే?” అని మాత్రం అడిగింది అమ్మ.

తెల్లారగానే తులసి తెనాలి స్టేషన్‌కి పరుగెత్తింది. సరోజ రైల్లో వాళ్ల నాన్న పక్కన, కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

“సరోజా, ఆ మాట తీసెయ్! దాని అర్థం ‘మధ్య’. నేను డిక్షనరీ చూడలేదే. నీకు అబద్ధం చెప్పాను.”

“ఇప్పుడా చెప్పేది?” సరోజ ముఖం ఎర్రబడింది. కాగితం తీసి ఆ మాట కొట్టేసింది. రైలు కదిలినా చెయ్యి ఊపలేదు.

తులసికి ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు. బడికెళ్లి బోర్డు మీద రాసింది. ‘బిట్విక్స్ట్ అంటే మధ్య. నిన్నటిది నా తప్పు.’ బెంచీ బెంచీకీ తిరిగి అందరి పుస్తకాలూ దిద్దించింది.

సోమవారం మాస్టారు వచ్చి ఒక కొత్త మాట రాశారు.

“దీని అర్థం ఎవరికి తెలుసు?”

అందరూ తులసి వైపు చూశారు, సరోజతో సహా. తులసి లేచి నిలబడింది.

“నాకు తెలీదండి. డిక్షనరీ చూసొచ్చి చెప్తాను.”

ఆమె గుమ్మం దాకా వెళ్లిందో లేదో, వెనక నుంచి సరోజ గొంతు వినిపించింది.

“మాస్టారూ, నేనూ వెళ్లొస్తానండి.”