చెయ్యి ఆనే ఎత్తు

పిల్లి మెడ వెనక బొచ్చును నాంచారి రెండు బొటనవేళ్ళతో పాయ తీసింది. నాలుక అందని చోటు ఒంటి మొత్తం మీద అదొక్కటే.

"తడిసే ప్రాణమా?" అని అడిగింది ఆమె నడుముకు వేలాడుతున్న మందుల యంత్రం, వరణి.

"కాదు."

"నాకుకునే ప్రాణమా?"

"అవును."

"అదే ఇంట్లో వేరే జాతి?"

"కుక్క ఒకటి. రెండూ ఒకే గోనె మీద పడుకుంటాయి."

"పిల్లలు?"

"నాలుగు. కళ్ళు తెరిచి వారమైంది."

వరణి రెప్పపాటు ఆగింది. పిల్లికి ఆకుపచ్చ మెడచుక్క, కుక్కకు నెలమాత్ర అని చెప్పింది. కుక్కకు చుక్క మందు వద్దంది. కుక్కల చుక్క ఒంటి మీద ఉండగా పిల్లి దాన్ని ఒరుసుకుని పడుకుంటే, తెల్లారేసరికి పిల్లి ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాంచారి ఆ సంగతి కంఠతా పట్టింది. ఇప్పుడు వరణే చూసుకుంటుంది. ఆమె పని చేతులది మాత్రమే.

"మందు ఆరేదాకా పిల్లలను దూరంగా ఉంచాలి," అంది వరణి చివర్న. ప్రతి తల్లి దగ్గరా ఆ మాటే అంటుంది.

చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, చంకల్లో నాంచారి వేలికొసలతో తడిమింది. చిన్న అద్దం పట్టుకుని తోక కింద చూసింది. కుక్కనూ అలాగే చూసింది.

"పిడుదులు?"

"సున్నా."

ఇల్లాలు గుమ్మంలోంచి నవ్వింది. "మూడేళ్ళ నుంచీ అదే మాటగా! ఇవాళ్టితో ఆ సున్నా కూడా అరిగిపోద్దిలే, నాంచారీ."

ఏడో మెరక మీద ఆ ఉదయం అందరూ నవ్వుతూనే ఉన్నారు. పిడుదులు మోసుకొచ్చే మచ్చజ్వరం ఊళ్ళను ఖాళీ చేసిన ఏడాది, మెరకను కలిపే వంతెనకు నడుమ గేటు దించారు. కుక్క మీదగానీ పిల్లి మీదగానీ ఒక్క పిడుదు కూడా లేకుండా ముప్ఫయ్యారు నెలలు గడిస్తే గేటు లేస్తుంది. ఏ ప్రాణం మీదైనా ఒక్కటి కనిపిస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇవాళ ముప్ఫయ్యారో నెల ఆఖరి రోజు. మధ్యాహ్నం పన్నెండుకు లెక్క ముగుస్తుంది. వరణి లెక్కలన్నీ చేరే కొలగది కప్పు మీద అప్పటికి తెల్లజెండా ఉంటే, నాలుగింటికి గేటు లేస్తుంది.

గేటు దించిన రోజున నాంచారి భర్త దొరబాబు పాపను టీకాలకని అవతలికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి రావలసినవాళ్ళు. కుందనకు అప్పుడు రెండేళ్ళు.

పొద్దున్నే పాప ఫోనులో అడిగింది. "అమ్మా, నువ్వు ఎంత పొడుగుంటావు?"

"నాన్న చెవి దాకా. ఏం?"

"మరి నేను వంతెన కమ్మీ కన్నా పొడుగైపోయాను తెలుసా! కమ్మీ నా భుజం దాకానే వస్తంది. నాన్న అది పట్టుకునే నడవమన్నాడు. నేను పట్టుకునే పరిగెత్తుతాను."

"పరిగెత్తకమ్మా. పడతావు."

"పడను. పట్టుకుంటాగా!"

ఇంకా పద్నాలుగు ప్రాణాలు మిగిలాయి. నాంచారి అడుగు వేగం పెంచింది.

పందొమ్మిదో నంబరు ఇల్లు పడవల వడ్రంగి సూర్రావుది. అతను అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కుక్క అతని కాళ్ళ దగ్గర మెరుస్తూ పడుకుంది. నాంచారి దాన్ని తడిమింది. చెవులు దర్పణంలా ఉన్నాయి.

"సున్నాయేనా?" అన్నాడు సూర్రావు. "నా కుక్క నాకన్నా శుభ్రంగా ఉందమ్మా. దానికి నెలనెలా నువ్వొస్తావు. నాకెవరొస్తారు చెప్పు?"

"జ్వరమా బాబాయ్?"

"అయిదు రోజులైంది. నీటిజ్వరమంట. ఆస్పత్రి వాళ్ళు రాసిచ్చారు."

చెయ్యి చాపి చూపించాడు. మణికట్టు మీద కందిగింజలంత ఎర్రటి మచ్చలు. నాంచారి అక్కడితో ఆగలేదు. కుక్కలకు చూసిన అలవాటున అతని చెవి వెనక చూసింది. మాడిన చుట్ట నుసిలా నల్లటి పొక్కు ఒకటి ఉంది, పిడుదు కుట్టిన గుర్తు.

వీధిలోకి వచ్చి సత్తిరాజుకు ఫోను చేసింది. ఆయన కొలగది పెద్ద.

"సూర్రావుది మచ్చజ్వరమేనండి. ఈ నెలలో నాలుగో మనిషి. నలుగురికీ నీటిజ్వరమనే రాశారు."

"ఆ ఇంటి కుక్క మీద ఎన్ని?"

"సున్నా అండి."

"మరి? లేని పిడుదు ఎలా కుడుతుందమ్మా? కుడితే దాన్ని ఏ గడిలో రాయమంటావు?" ఆయన గొంతులో కోపం లేదు. పండగ ఉంది. "పని చూసుకో తల్లీ. మీ ఆయనా పాపా అప్పుడే వంతెన అవతల కూర్చున్నారంట. ఎర్ర గౌనంట. కాపలావాళ్ళు చెప్పారు."

పల్లాలమ్మ ఇంటికి నాంచారి ప్రతి నెలా పదింటికి వెళ్ళేది. ఇవాళ తొందరలో తొమ్మిదికే వెళ్ళింది. తలుపు తీసే ఉంది. పెరట్లో పల్లాలమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నల్లకుక్క మునసబు ఆమె ఒడిలో తల పెట్టి, కళ్ళు మూసుకుని, లోకంతో పని లేనట్టు పడుకుంది. ఆమె గోళ్ళతో దాని చెవిలోంచి ఏదో తీసి పక్కనున్న కొబ్బరిచిప్పలో వేసింది.

చిప్పలో వేపనూనె. నూనెలో ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు. మూడేళ్ళలో నాంచారి పిడుదును చూడడం అదే మొదలు.

పల్లాలమ్మ తలెత్తింది. చిప్పను దాచలేదు. "పదింటికి కదా వస్తావు," అంది.

"పిన్నిగారూ..."

"నలభై ఒకటి. రోజూ ఇంతే ఉంటాయి. నువ్వొచ్చే రోజు ఎనిమిదింటి నుంచీ ఏరతాను, ఒక్కటి మిగలకుండా. అందుకే నీ వేళ్ళకి తగల్లేదు."

"మరి మాత్రలండి? నెలనెలా ఇచ్చాను కదా."

"అన్నంలో పెడతానన్నాను. పెట్టలేదు. మొదటి మాత్రకే వీడు కొయ్యబారిపోయి, నురగ కక్కి, గంటసేపు కొట్టుకున్నాడు. సత్తిరాజుకి చెబితే వరణి తప్పు చెప్పదన్నాడు. వీడు కాలవలో ఈదుతాడు, చుక్క నిలవదు. పట్టెడ కడితే మెడంతా పుండు. ఇక మిగిలింది మాత్రే. వరణికి వేరే దారి లేదు. నాకు గోళ్ళున్నాయి." మునసబు చెవి తిరగేసి ఇంకోటి తీసింది. "మా అమ్మ గేదెలకిలాగే ఏరేది. ఏరేటప్పుడు మాట్లాడకూడదనేది. పిడుదు వింటుందని కాదులే, లెక్క తప్పుతుందని."

నాంచారి వరణి మీద చెయ్యి పెట్టింది. దాన్ని నడుము నుంచి తియ్యలేదు.

"మీకు జ్వరం రాలేదా పిన్నిగారూ?"

"రాలేదు. ఈ పక్క నాలుగిళ్ళలో ఎవరికీ రాలేదు. కనుక్కో కావాలంటే." పల్లాలమ్మ కంచె అవతలి వీధి వైపు గడ్డం చూపించింది. "అక్కడి కుక్కల్ని కుట్టినవన్నీ చచ్చాయి. కుక్కని వదిలేసినవి బతికాయి. ఇప్పుడున్నవన్నీ ఆ బతికినవాటి సంతానమే. నా పెరట్లోవి ఇంకా గడ్డిలో, కుక్క మోకాలి ఎత్తునే కూర్చుంటాయి. ఆ వీధిలోవి పైకెక్కాయి. ఎంత ఎత్తుకో నేను చెప్పను. అద్దం ఉందిగా, చూసుకో. వాటికొక ఒళ్ళు వదిలెయ్యకపోతే, అవి నీ ఒళ్ళు వెతుక్కుంటాయమ్మా."

మునసబు ఒక కన్ను తెరిచి నాంచారిని చూసి, మళ్ళీ మూసింది.

నలభై ఒకటి అని వరణితో చెబితే గేటు లేవదు. కానీ అప్పుడు మునసబును ఎత్తివేత బండి తిరిగి రాని చోటికి తీసుకుపోతుంది. ఈ పెరటి పిడుదులు కూడా పైకెక్కడం నేర్చుకుంటాయి.

"మిగతావి చూసొస్తానండి," అంది నాంచారి.

అవతలి వీధిలో మెట్ల పక్క కమ్మీ కింద అద్దం పెట్టింది. మొదట ఇనుపతుప్పు అనుకుంది. తుప్పుకు కాళ్ళున్నాయి. నువ్వుగింజంత పిడుదులు, ఆకలి మీదున్నవి, వరసగా. అరుగుల అంచుల కింద చూసింది. దుకాణం గడప పక్క తాడు కింద చూసింది. కుక్కకు అందని ఎత్తు. మనిషి చెయ్యి ఆనే ఎత్తు.

మిగిలిన ఇళ్ళు చూసింది. సున్నా. సున్నా. పిల్లి కూన ఒకదానికి మందు వెయ్యకుండా దువ్వెనతో సరిపెట్టమని వరణి చెప్పింది. నాంచారి దువ్వింది. సున్నా.

పన్నెండుకు పావుగంట ఉండగా వంతెన దగ్గరికి వెళ్ళింది. అప్పటికే జనం మూగారు. కమ్మీ పొడవునా బంతిపూలు చుట్టారు. వంతెన నడుమ గేటు. గేటు ఊచల్లోంచి దూరంగా ఎర్ర గౌను కనిపించింది. పక్కన దొరబాబు. మనిషి సన్నబడ్డాడు.

నాంచారి జనాన్ని దాటి గేటు దాకా నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని పూలదండను కొంచెం జరిపి అద్దం లోపలికి పెట్టింది. ఉన్నాయి. ముఖం దగ్గరగా తీసుకెళ్ళి, మెల్లగా ఊపిరి వదిలింది.

ముందు ఒకటి కాళ్ళెత్తింది. తరవాత దాని పక్కది. ఆ కదలిక కమ్మీ కింద, గాలికి వరిచేను వంగినట్టు, గేటు ఊచల వైపు సాగిపోయింది. అన్నీ ముందుకాళ్ళు చాచి, ఎత్తుకోమన్నట్టు నిలబడ్డాయి.

ఆమె ఊపిరి బిగబట్టి లేచింది. ఫోను తీసింది.

"కమ్మీకి వరణిలో గడి లేదమ్మా," అన్నాడు సత్తిరాజు. అంతా విన్నాక కూడా ఆయన గొంతు మెత్తగానే ఉంది. "కుక్క మీద సున్నా, పిల్లి మీద సున్నా. అబద్ధం చెప్పమంటున్నానా? నిజమే చెప్పు. రేపు మందు కొట్టిద్దాం."

"పిల్లలు ఇవాళ దాటతారండి."

"మూడేళ్ళయింది నాంచారీ. ఆ జనం మొహాలు చూడు. వాళ్ళకి నువ్వు చెబుతావా? నీ పిల్లకి చెబుతావా?"

సత్తిరాజు అన్నదాంట్లో అబద్ధం లేదు. సున్నా అని చెప్పి ఊరుకుంటే చాలు. నాలుగింటికి కుందన కమ్మీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తుంది. పడదు. పట్టుకుంటుంది.

నాంచారి చొక్కా చేతిని మోచేతి దాకా మడిచింది. మణికట్టును కమ్మీ కింద ఆనించి ఆగింది. బరువే లేనిదొకటి చర్మం మీదికి ఎక్కింది. మోచేతి మడత దాకా నడిచి, అక్కడ చోటు చూసుకుని తల దించింది. నొప్పి లేదు. "నాకెవరొస్తారు" అన్న సూర్రావు మాట ఆమెకు గుర్తొచ్చింది.

వరణి కన్నును ఆ మడతకు ఆనించింది.

"జాతి నమోదులో లేదు," అంది వరణి.

"కొత్తది రాసుకో."

"బరువు?"

"యాభై ఒకటి."

"తడిసే ప్రాణమా?"

"అవును."

"నాకుకునే ప్రాణమా?"

"కాదు."

"పిడుదులు?"

వెనక ఎవరో డప్పు సరిచేసుకుంటున్నారు. నాంచారి గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఒకటి."

కొలగది కప్పు మీద తెల్లజెండా దానంతటదే దిగడం మొదలుపెట్టింది. డప్పు ఆగింది. గేటు లోపల ఇనుపగడియలు ఒకదాని తరవాత ఒకటి పడ్డాయి. ఫోనులో సత్తిరాజు "ఏం చేశావమ్మా" అంటున్నాడు. జనంలో ఒక ఆడగొంతు ఏడుపందుకుంది.

అవతల కుందనకు అవేవీ తెలియవు. అమ్మ గేటు దగ్గరే నిలబడింది కాబట్టి తనూ ముందుకొచ్చింది. కమ్మీ వైపు చెయ్యి చాపింది.

"ఏవండీ! పిల్లనెత్తుకోండి! కమ్మీ ముట్టుకోనివ్వకండి!"

మాట గాలికి సగమే చేరినట్టుంది. దొరబాబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. తరవాత ఎందుకో తెలియకపోయినా, వంగి పాపను భుజం మీదికెత్తుకున్నాడు. అక్కణ్ణుంచి అమ్మ బాగా కనిపించిందేమో, కుందన రెండు చేతులూ చాచింది.

వరణి ఇంకా మందు వెతుకుతూనే ఉంది. ఏ ప్రాణం దగ్గరా అంతసేపు తీసుకోలేదు.

"ఈ జాతివి మెరక మీద ఇంకెన్ని?" అని అడిగింది. ఆ ప్రశ్న అది ఎన్నడూ అడిగింది కాదు.

"నాలుగువేల పైన."

"అన్నీ మందు లేనివేనా?"

"అన్నీ."

జనం అడుగులు వెనక నుంచి దగ్గరవుతున్నాయి. నాంచారి తిరిగి చూడలేదు. కళ్ళు ఎర్ర గౌను మీదే ఉన్నాయి.

"పిల్లలు?"

"ఒకతి."

"పిల్లను దూరంగా ఉంచాలి," అంది వరణి.

ఎప్పటిదాకానో మాత్రం చెప్పలేదు.