ఫ్యాన్లు ఆపిన పాట

నిడదవోలు చర్చి క్వయర్‌లో కెజియా గొంతు ఎంత తీయనో, మనిషి అంత తొందర. ఆగమన్నచోట ఆగదు. రాజమండ్రి నుంచి పాట నేర్పడానికొచ్చిన విజయ్ పాల్‌కి మొదటిరోజే ఆ పిల్లతో పేచీ పడింది.

"ఇక్కడ ఊరుకోవాలండి," అన్నాడు.

"ఊరుకోడానికి ఇంత దూరం రావాలేంటండి? ఇంట్లో ఊరుకోలేమా?"

బ్రూక్నర్ అని, ఎప్పుడో ఆస్ట్రియా దేశంలో చర్చిలో ఆర్గన్ వాయిస్తూ దేవుడికి పాటలు కట్టిన భక్తుడట, ఈస్టర్‌కి నేర్చుకుంటున్నది ఆయన పాటే. పాట మధ్యలో ఉన్నట్టుండి అందరి నోళ్లూ మూయించేస్తాడు. పైకెళ్లిన స్వరం కప్పుని తాకి కిందికి దిగేదాకా ఆగాలని, అదీ పాటేనని విజయ్ పాల్ ఓపిగ్గా చెప్పాడు. ఆ దిగేది వినపడాలని ఫ్యాన్లు కూడా ఆపించాడు. చెమటలు కక్కుతూ కెజియా తిట్టుకుంది. తిట్టుకుంటూనే రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

ఈస్టర్ ముందురోజు ప్రాక్టీసయ్యాక, చెప్పులు వేసుకుంటుంటే అతను అడిగేశాడు.

"మా అమ్మని మీ ఇంటికి పంపనా అండి?"

కెజియా నోరు తెరిచేలోగా తండ్రి దేవసహాయం బండి హారన్ కొట్టాడు. ఇంటికెళ్తే కబురు, సోమవారం పాలకొల్లు నుంచి పెళ్లిచూపులకి వస్తున్నారని. ఇక ఆ పిల్లకి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఫోన్లో "సరే" అని కొట్టడం, చెరపడం. అంత మాట ఫోన్లో పడేస్తే ఏం బాగుంటుంది?

ఈస్టర్ సాయంత్రం చర్చి నిండిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. పాట లేచింది, పెరిగింది, కప్పుకి తగిలింది. విజయ్ పాల్ చెయ్యెత్తి ఆపాడు.

చర్చిలో చప్పుడు ఆగితే మనవాళ్లకి ఒకటే అర్థం, మౌనప్రార్థన. ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు. మగవాళ్లు తలలు దించారు. అది చూసి క్వయర్ వాళ్లూ కళ్లు మూసుకున్నారు. తెరిచి ఉన్నవి తమ ఇద్దరి కళ్లే అనుకుంది కెజియా.

అతను చూపుతోనే అడిగాడు. ఆమె తల ఊపింది.

అంతే, ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు ఆ అబ్బాయి. గడ్డం మీంచి చెమట కారుతోంది, చెయ్యి మాత్రం దిగదు. ఇంకాస్త ఆగితే పాస్టరుగారు ఆమెన్ అనేస్తారు, పాట అక్కడితో సరి. ఉండబట్టలేక కెజియా అందుకుంది. ఆమె వెనకాలే అందరి గొంతులూ లేచాయి.

బయట దేవసహాయం నొచ్చుకుంటూ విజయ్ పాల్ దగ్గరికి వచ్చాడు. "మా అమ్మాయి మళ్లీ ముందే ఎత్తుకుంది, ఏమనుకోకండి."

"అది సరేగాని, పాలకొల్లు వాళ్లని రావద్దని చెప్పరా," అంది కెజియా నాయనమ్మ, చేతికర్ర మీద ఆనుకుని.

"ఎందుకమ్మా?"

"ప్రార్థనలో కళ్లు మూస్తే నాకు నిద్రొస్తుంది, అందుకని మూయను. ఆ అబ్బాయి చూపుకి నీ కూతురు తల ఊపడం చూశాను."

దేవసహాయం కూతుర్ని చూశాడు, అబ్బాయిని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మగారు ఎప్పుడొస్తారండి?"

విజయ్ పాల్ ఊపిరి తీసుకునేలోపే కెజియా అందుకుంది.

"రేపే, నాన్నా."