డాలు వెనకాల

కాస్త దగ్గరికి జరగండి. దేవుడి దయవల్ల మనమందరం వెలుతురులోనే ఉన్నాం. ఇదీ పట్టపగలు జరిగిందే, గుంటూరు శివార్లలో ఓ కోల్డ్ స్టోరేజీలో.

అక్కడ సూపర్‌వైజర్లు క్రిస్టీనా, నజ్మీన్. అన్నాలు తినేసి, తలుపు పక్కన ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లాడే ఆటలో క్రిస్టీనాది ట్యాంకు పాత్ర. ముందు నిలబడి దెబ్బలన్నీ తన మీదికి లాక్కోవాలి. నజ్మీన్ వెనకాల ఉండి గాయాలు మాన్పుతుంది. ఆ సాయంత్రం పెద్ద రాక్షసుడితో పోరు. కొత్తగా వచ్చిన పాయింట్లు దేనికి పెట్టాలో తేలడం లేదు.

"తప్పించుకునే వేగానికి పెట్టవే. దెబ్బే తగలదు," అంది నజ్మీన్.

"నేను తప్పుకుంటే అది నీ నెత్తిన పడుద్ది. మొత్తం డాలుకే!"

"డాలు ముందు నుంచి వచ్చేదాన్నే ఆపుద్ది తల్లీ. కవచానికి కొంచెం పెట్టు. వెనక నుంచి వస్తేనో?"

"వెనకాల నువ్వున్నావుగా!"

నవ్వుకుంటూనే పాయింట్లన్నీ డాలుకి పోసేసింది.

నజ్మీన్ సరుకు చూసొస్తానని లోపలి గదిలోకి వెళ్లింది. కప్పు దాకా మిర్చి బస్తాలు. ఎంత అలవాటున్న కూలీ అయినా ఆ గడప దాటితే ఘాటుకి దగ్గాల్సిందే. నజ్మీన్ దగ్గు బయటికి వినిపిస్తూనే ఉంది.

కరెంటు పోయింది. లోపల్నించి ఒక్క కేక.

ఫోను స్టూలు మీద పడేసి క్రిస్టీనా లోపలికి ఉరికింది. బయటి వెలుతురు అందని, కిటికీ లేని గది. ఎముకలు కొరికే చలి. కళ్లు తెరిచినా, మూసినా ఒకటే చీకటి.

"నజ్మీన్!" అంది దగ్గుతూ.

వెనక నుంచి ఓ చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. మంచులా ఉంది.

"ఇక్కడే ఉన్నా..." గుసగుస.

సరిగ్గా అప్పుడే ఎదురుగా, బస్తాల మధ్య నుంచి... "క్రిస్టీ, ఎక్కడే?" అదీ నజ్మీన్ గొంతే.

"నమ్మకు... అది నేను కాదు..." వెనక నుంచి మళ్లీ గుసగుస.

క్రిస్టీనా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. "ప్రభువు సాక్షిగా చెబుతున్నా, నా వెనకున్నదాన్ని ముట్టుకోవాలంటే ముందు నన్ను దాటాలి. రా!"

ఎదుటి గొంతు ఏడ్చింది. ఏడుస్తూ దగ్గింది... గుక్క తిప్పుకోకుండా.

క్రిస్టీనా ఊపిరి బిగబట్టింది. వీపు వెనకాల ఉన్నది... దగ్గడం లేదు. ఇందాకట్నుంచీ ఒక్కసారీ దగ్గలేదు.

చెయ్యి విదిలించుకుని పారిపోవచ్చు. తను తప్పుకుంటే?

తప్పుకోలేదు. ఆ చేతిని ఇంకా గట్టిగా బిగించి, గిరుక్కున తిరిగి, గోడకేసి అదిమిపెట్టింది.

"పోవే నజ్మీన్! నా వెనక నుంచి తలుపుకేసి పో!"

"యా అల్లా..." అంటూ, దగ్గుతూ నజ్మీన్ ఆమె వీపుని రాసుకుంటూ పోయింది. తలుపు కిర్రుమంది.

"ఇప్పుడు..." చెవిలో చల్లటి గుసగుస. "నీ వెనకాల ఎవరున్నారు?"

"ఉన్నాడులే నా దేవుడు," అంది క్రిస్టీనా. "కొట్టు, చూద్దాం!"

వీపు మీద ఏదో చల్లగా ఆనింది.

కరెంటు వచ్చింది. పిడికిలి ఖాళీగా ఉంది. గుమ్మంలో నజ్మీన్ ప్రాణాలతో, కళ్లనీళ్లతో, దగ్గుతూ నిలబడి ఉంది.

ఇప్పటికీ ఆ గదిలోకి నజ్మీన్ కన్నా ముందు క్రిస్టీనాయే అడుగు పెడుతుంది. నడి గదిలో నిలబడి, "ఏదీ, రా!" అని చీకటి మూలల్ని పిలుస్తుంది. కూలీలు గుమ్మం దగ్గరే ముక్కులకి కండువాలు చుట్టుకుని, దగ్గలేక చస్తూ చూస్తుంటారు.

క్రిస్టీనా మాత్రం ఆ రోజు నుంచి దగ్గలేదు.