ఆపరేషన్ అంబర్ బల్బు

"నీ స్నేహితుణ్ణి రెండోసారి చంపుతున్నారు, సిరిల్" అన్నాడు చీఫ్ గిరిబాబు.

ఏజెంట్ టి-నైన్ సిరిల్ ఫోన్‌ని చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. హౌరా నుంచి వచ్చిన లోకల్ అప్పుడే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆగింది. ఉదయం పది. అతని భుజాన ఎలక్ట్రీషియన్ సంచి, పెదవి మీద దొంగమీసం, జేబులో రహస్య కెమెరా, షాక్ కొట్టే మొన ఇమిడిన టెస్టర్.

"బ్రీఫింగ్ చెప్పండి సార్."

"జాన్ పాల్ నడిపిన సర్వే విమానం ఇరవై రోజుల క్రితం పొగమంచులో పొలాల్లో కూలింది. ఒంటరిగా ఉన్నాడు, పోయాడు. పాత విమానం, కొత్త కాక్‌పిట్. ముల్లున్న డయల్స్ పీకేసి ఆర్విస్టా అనే విదేశీ కంపెనీ డిజిటల్ స్క్రీన్లు బిగించింది. ఆ స్క్రీన్లు చివరిదాకా భేషుగ్గా పనిచేశాయనీ, పైలటే చూసుకోలేదనీ రిపోర్టు తయారైంది. సాయంత్రం ఐదుకి సంతకం. అది పడిందా, నీ స్నేహితుడి పేరు బురదలో కలుస్తుంది. అవే స్క్రీన్లు ఇంకో రెండు వందల విమానాలు ఎక్కుతాయి."

"స్క్రీన్లు పనిచేశాయని ఎవరన్నారు?"

"లోపలి మెమరీ చిప్."

"చిప్‌ని చదివిందెవరు?"

"ఆర్విస్టా వాళ్ళే. చదివే సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గరే ఉంది."

పాత రోజుల్లో విమానం కూలితే డయల్ మీద ముల్లు కొట్టుకున్న గీత మిగిలేది. కళ్ళున్నవాడెవడైనా దాన్ని చదివేవాడు. ఇప్పుడు మిగిలేది నల్లటి అద్దం, దాని వెనక గోరంత చిప్. చంపినవాడి చేతికే పోస్టుమార్టం కత్తి ఇచ్చి, కాస్త రిపోర్టు రాసిపెట్టు నాయనా అని బతిమాలుకుంటున్నారు. థూ!

"కంపెనీ తరఫున దిగినవాడు హెల్మర్" అన్నాడు చీఫ్. "'బ్లాంక్' ముఠా నాయకుడు. నాలుగు దేశాల్లో కూలిన విమానాల సాక్ష్యాలు తుడిచేశాడు. వాడి పక్కన వినీల అని మన మనిషి ఉంది."

"మన మనిషేనా?"

"జీతం మనం కూడా ఇస్తున్నాం" అని ఫోన్ పెట్టేశాడు చీఫ్.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో జాన్ పాల్ ఇంటి గేటు తీయగానే అతని తల్లి ఆలిస్ వరండాలో వేలాడుతున్న క్రిస్మస్ నక్షత్రం కిందనుంచి లేచి నిలబడింది. సిరిల్, జాన్ పాల్ రైల్వే స్కూల్లో ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

"ఏటిరా సిరిలూ, ఆ మీసమేటి? తీసెయ్, నవ్వొస్తంది" అంది. అంటూనే ఏడ్చేసింది.

విదేశీ ముఠాల్ని బోల్తా కొట్టించిన వేషం పిన్ని ముందు అర నిమిషం నిలవలేదు.

ఆమె తండ్రి సత్యవేదం గోడవార కుర్చీలో కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో, ట్రెయిన్ లైటింగ్ సెక్షన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. విమానం ముక్కల్ని రైల్వే షెడ్‌కి చేర్చేటప్పుడు చెయ్యేయమని పాత ఫిట్టర్లని పిలిస్తే, మనవడి విమానమని తెలిసే వెళ్ళాడు.

"ఒరే బాబూ, ఇను" అన్నాడు. "రైలు పడిపోతే మేం మొదట సూసేది బల్బుల్నే. ఎలుగుతున్న బల్బుకి దెబ్బ తగిల్తే లోన తీగ మెత్తగుంటాది, సాగిపోతాది. ఆరిపోయి సల్లగున్న బల్బైతే తీగ పుటుక్కున తెగిపోద్ది. ఆ కంపినీవోళ్ళు కొత్త స్క్రీన్లెట్టినారు గానీ, పక్కనున్న పాత వార్నింగ్ లైట్ల పేనల్ పీకనేదు. అందులో పసుపు దీపం ఒకటున్నాది. స్క్రీన్లు సచ్చిపోతేనే అదెలుగుద్ది. నాను భూతద్దం ఎట్టి సూసినాను. తీగ బారెడు సాగిపోయుంది."

"తీశావా తాతా?"

"ముట్టనేదు. ముట్టకూడదు. పెట్టిలో సీలేసి షెడ్‌లోనే ఉంది. ఆ ఆఫీసరు పిల్లోడికి సెప్పినాను. నవ్వినాడు."

సిరిల్ షెడ్‌కి వెళ్ళాడు. దర్యాప్తు అధికారి నిఖిలేష్ లాప్‌టాప్ ముందునుంచి కదల్లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే మాత్రం లేచి కుర్చీ వేశాడు.

"సార్, చిప్‌లో నలభై వేల లైన్ల డేటా ఉంది. అంతా నార్మల్. తాతగారి బాధ నాకు అర్థమైంది. కానీ ఒక బల్బుని పట్టుకుని..."

"ఆ డేటా ఎవరిచ్చారో వాళ్ళే ఆ బల్బుకి భయపడితే?"

నిఖిలేష్ లాప్‌టాప్ మూత సగం దించాడు.

"నాలుగున్నరకి మీ ఫోన్‌కి లైవ్ వీడియో వస్తుంది. సంతకం పెట్టేముందు అది చూడండి. అంతే. తాత మీ పక్కన కూర్చుంటాడు."

మధ్యాహ్నం ఖరిదా బజారులో, మిఠాయి కొట్టు మూల బల్ల దగ్గర వినీల కూర్చుని ఉంది. మెరూన్ బ్లేజరు, ముత్యాల చెవిదుద్దులు, బజార్లో సగం మందిని వెనక్కి తిప్పే సెంటు.

"క్రిస్మస్ నక్షత్రానికి ఎన్ని కొనలు?" అని సంకేతం అడిగింది.

"ఐదు. ఒకటి విరిగింది" అన్నాడు సిరిల్.

"ఆలస్యంగా వచ్చారు. హెల్మర్ చిప్‌ని ఎప్పుడో తిరగరాశాడు." ఆమె రసగుల్లా తుంచింది. "పాపం పైలట్! ఇక సాక్ష్యం లేదు. వెళ్ళిపోండి."

పాపం అంటూనే వేళ్ళకంటిన పాకం టిష్యూతో తీరిగ్గా తుడుచుకుంటోంది. సిరిల్‌కి అసహ్యం గొంతుదాకా వచ్చింది. ఆమె మీదా, ఆమెతో నవ్వుతూ మాట్లాడుతున్న తన మీదా.

"ఒకటి మిగిలింది" అన్నాడు గొంతు తగ్గించి. "కాక్‌పిట్ వార్నింగ్ బల్బు. ముసలాయన ఎత్తుకొచ్చేశాడు. వరండాలో వేలాడే నక్షత్రం లోపల దాచాడు. ఈ సంగతి మీకొక్కరికే చెబుతున్నాను."

ఆమె రసగుల్లా వదిలేసి లేచింది. మిఠాయిని అలా సగంలో వదిలేసిందంటే ఎర మింగిందని సిరిల్‌కి తెలిసిపోయింది.

నాలుగూ నలభైకి ఇంటి ముందు తెల్లకారు ఆగింది. సిరిల్ వరండాలో నిచ్చెనెక్కి, టెస్టర్ నోట కరుచుకుని నక్షత్రం వైర్లు కెలుకుతున్నాడు. కెమెరా నడుస్తోంది.

హెల్మర్ లోపలికి వచ్చాడు. తెల్లజుట్టు, బూడిదరంగు సూటు, చేతిలో పూలగుత్తి. వెనకే వినీల.

"సో సారీ, మదర్" అంటూ పూలు ఆలిస్ చేతిలో పెట్టాడు. వాడి కళ్ళు మాత్రం నక్షత్రం మీదే ఉన్నాయి. కొడుకుని మింగినవాడు తల్లికి పూలిస్తున్నాడు. నిచ్చెన మీంచే వాడి నెత్తిన కాండ్రించి ఉమ్మాలనిపించింది సిరిల్‌కి.

"దిగు" అంది వినీల, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి. "మీరు కదలకండి, అమ్మా."

సిరిల్ దిగాడు. టెస్టర్‌ని చొక్కా జేబుకి తగిలించాడు, కెమెరా కన్ను బయటికి ఉండేలా. హెల్మర్ నిచ్చెనెక్కి నక్షత్రం కాగితం చించాడు. లోపల సీరియల్ సెట్ మధ్యలో దూదిచుట్టిన చిన్న బల్బు. దాన్ని హోల్డర్‌లోంచి పీకి, గచ్చు మీద పడేసి, మెరిసే బూటు మడమతో నలిపాడు. ఇంకోసారి. ఇంకోసారి. గాజు పొడైంది.

"నౌ," అన్నాడు ఊపిరి పీల్చుకుని, "దేర్ ఈజ్ నో లైట్."

"అది ఆ సెట్టులో బల్బే నాయనా, నిన్న బజార్లో కొన్నాను" అంది ఆలిస్. "అసలుది షెడ్‌లోనే ఉన్నాది."

'షెడ్' అన్న మాట చెవిన పడగానే హెల్మర్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. వినీల పిస్టల్ సగం చుట్టు తిరిగి హెల్మర్ గుండెకి గురిపెట్టుకుంది.

"హ్యాండ్సప్!" అంది హుందాగా. "నేను మొదట్నించీ మీవైపే, సిరిల్."

"మీరు ఎప్పుడూ గెలిచేవాళ్ళవైపే" అన్నాడు సిరిల్. పిస్టల్ లాక్కుని, టెస్టర్ మొన హెల్మర్ మెడకి ఆనించి బటన్ నొక్కాడు. వాడు చించిన నక్షత్రం మీదే కూలబడ్డాడు.

ఐదున్నర. షెడ్ నుంచి ఫోన్.

"సార్!" అన్నాడు నిఖిలేష్. "సంతకంలో సగం పెట్టేశాను. వాడు మూడోసారి నలిపేసరికి పెన్ను పడేశాను. పంచనామా రాయించి, పెట్టె సీలు తీశాం, మైక్రోస్కోప్ కింద చూశాను. తీగ సాగిపోయి ఉంది. విమానం కూలినప్పుడు ఆ దీపం వెలుగుతోంది సార్. స్క్రీన్లు ముందే పోయాయి. ఆయన పొగమంచులో గుడ్డిగా నడిపాడు. పైలట్ తప్పు అన్న మాట కొట్టేశాను. తాతగారు... తాతగారు ఏడుస్తున్నారు సార్."

సిరిల్ ఫోన్ దించాడు.

"మా వోడి తప్పు నేదని రాసినారా?" అంది ఆలిస్.

"రాశారు పిన్నీ."

ఆమె పూలగుత్తి తీసుకెళ్ళి గేటు బయట చెత్తకుండీలో పడేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

రైల్వే పోలీసులు హెల్మర్‌ని జీపెక్కించాక చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. వినీలకి ప్రశంసాపత్రం ఇస్తున్నారట. పైనుంచి ఆర్డరు."

సిరిల్ ఫోన్ పెట్టేశాడు. నోట్లో చేదు కాఫీ తాగినట్టుంది.

చిరిగిన నక్షత్రాన్ని ఆలిస్ గోధుమపిండి జిగురుతో అతికించి మళ్ళీ కట్టించింది. స్విచ్ వేసింది. వెలగలేదు. ఒక్క బల్బు పోతే సెట్టంతా పోతుంది.

"ఏటి సూస్తన్నావురా? ఎలక్ట్రీషియన్‌వి కదా, ఎలిగించు" అంది.

ఏడు దేశాల తాళాలు విప్పిన ఏజెంట్ టి-నైన్‌కి సీరియల్ సెట్‌లో బల్బు మార్చడం రాదని ఆ సాయంత్రం ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికీ తెలిసిపోయింది.