సున్నా చుట్టిన తేదీ

గాజులమ్మ పెద్ద చేతులు రెండూ తొట్టి అడుగున ఇసుకలో పడి ఉన్నాయి. ఎడమవైపు కాళ్ళు మూడు లేవు. ఒక మీసం సగానికి తెగింది. అది రాయి వెనక పక్కకి ఒరిగి ఉంది.

గాజులమ్మ ఒక రొయ్య. వేలెడంత ఉంటుంది. ఒంటి నిండా ఎరుపు, తెలుపు పట్టీలు. చేతులకి కూడా పట్టీలే, గాజులు తొడుక్కున్నట్టు. ఆ పేరు పెట్టింది ఈ ఇంటి మొదటి ఇల్లాలు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడ చేతులతో ఆ ఉప్పునీళ్ళ తొట్టిలో వదిలిన ప్రాణుల్లో ఇక మిగిలింది ఇదొక్కటే.

రెండో ఇల్లాలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పెళ్ళై ఎనిమిది నెలలు. ఆ సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విడవకముందే తొట్టి వంక చూసింది. నీళ్ళలో వేలాడదీసిన చిల్లుల పెట్టె మూత తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన కొత్త మగరొయ్య బయట తిరుగుతోంది. తొట్టి ముందు స్టూలు ఉంది. స్టూలు మీద నీళ్ళు ఆరిన చోట తెల్లగా ఉప్పు మరక.

తను పొడగరి. భర్తయితే గుమ్మంలో తల వంచుకుని వచ్చే మనిషి. ఆ ఇంట్లో తొట్టిలో చెయ్యి పెట్టడానికి స్టూలు కావలసింది ఒక్కరికే. ఆయన కూతురికి. పన్నెండేళ్ళ పిల్లకి.

ఆమె గుడ్డ తడిపి స్టూలు తుడిచి, తీసుకెళ్ళి స్నానాల గదిలో పెట్టింది. వలతో కొత్తదాన్ని పట్టి పెట్టెలో వేసి మూత బిగించింది. అప్పుడు చెప్పులు విడిచింది.

ఆ కొత్తదాన్ని తెచ్చింది తనే. మూడేళ్ళుగా ఒంటరిగా ఉన్న జీవి, జత ఉంటే బాగుంటుందని. ఈ జాతి రొయ్యల్ని ఒకేసారి కలిపితే చంపుకుంటాయని చేపల దుకాణం ముసలాయన ముందే చెప్పాడు. పది రోజులు చిల్లుల పెట్టెలో ఉంచాలి. ఒకదాని మీసాలు ఒకటి తడుముకుని ఊరుకుంటున్నాయంటే అప్పుడు మూత తియ్యాలి. ఇంకో సంగతి ఆయన చెప్పనక్కర్లేదు, గోడ మీదే ఉంది. రొయ్య ఆరు వారాలకోసారి పెంకు విడుస్తుంది. ఆ రోజు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఎవరితోనూ పోట్లాడే శక్తి ఉండదు. అందుకే మొదటావిడ పెంకు విడిచిన ప్రతి తేదీకీ క్యాలెండర్ మీద సున్నా చుట్టేది. ఆ సున్నాలు ఇప్పుడు రెండో ఆవిడ చుడుతోంది. ఆ ఉదయం కూడా డొల్ల బయటికి తీసేసి, సున్నా చుట్టి పనికెళ్ళింది.

పిల్ల ఆ సున్నాలు చూడటం మానేసి ఎనిమిది నెలలయింది.

ఆయన లిఫ్టుల మెకానిక్కు. వచ్చీ రాగానే తొట్టి ముందు ఆగిపోయాడు.

"ఎవరు తీశారు మూత?"

పిల్ల తన గది గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చిన మొహం.

"నేనే," అంది ఆమె. "అలవాటు పడ్డాయనుకున్నా."

"మూడు రోజులకేనా? పది రోజులని నువ్వే కదా అన్నావు."

"తొందరపడ్డానండీ."

"తొందరపడ్డావు. నేనూ రేపు ఏ ఆరో అంతస్తులోనో తొందరపడి తాడు సరిగ్గా బిగించకపోతే, జనానికి ఇదే చెప్పనా?" ఆయన గొంతు పెంచలేదు. "అది వాళ్ళమ్మదే. నీకు తెలుసు కదా."

"తెలుసు."

పిల్ల ఆమె వంక చూసింది. తర్వాత నేల చూసింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం అమ్మమ్మ వచ్చింది. పోయినావిడ తల్లి. సంగతి విని తొట్టి దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. "నా కూతురి చేతి మీద నాలుగేళ్ళు పెరిగింది. దానికి చేతులే లేకుండా చేశారు... ఏమమ్మా, నీకు నిమిషం ఓపిక లేదా?"

"తప్పయిపోయింది, పెద్దమ్మా."

"తప్పులు దిద్దుకోవడానికి ఇదేమన్నా ఎక్కాల పుస్తకమా?" అని, అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, బడి సెలవులు ఇచ్చాక పిల్లని నేను తీసుకుపోతాను. మళ్ళీ పంపను. అక్కడే చదువుకుంటుంది. అదీ వస్తానంటోంది."

ఆయన కూతురిని చూశాడు. కూతురు కాదనలేదు. రెండో ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు.

నిజం చెప్పేస్తే ఈ నింద ఒక్క మాటతో పోయేది. కానీ చెప్పి నిలబెట్టుకునే పరువు ఎవరికి కావాలి? తల్లి ప్రాణం లాంటి దాన్ని తనే విరిచానని ఆ పిల్లకి తెలుసు. దాని మీద తండ్రి మాట, అమ్మమ్మ ఏడుపు కూడా పడితే ఆ వయసు మోస్తుందా... తనంటే అమ్మమ్మకి ఎలాగూ పడదు. ఉన్న తిట్లలో ఇదొకటి.

గాజులమ్మకి మిగిలిన చిన్న చేతులు మేత అందుకోలేకపోయాయి. వేసిన ముక్క కిందికి దిగేలోపే తొట్టిలో తర్వాత వేసిన చేపలు రెండూ ఎత్తుకుపోయేవి. చేపల దుకాణం ముసలాయన ఆశ పెట్టలేదు, తీసెయ్యలేదు. "ఇంకోసారి పెంకు విడిచేదాకా బతికిస్తే చేతులు మళ్ళీ వస్తాయి. సన్నగా వస్తాయి, కానీ వస్తాయి. ఆరు వారాలు. నోటిదాకా అందించాలి."

ఆమె అందించింది. పొద్దున పనికెళ్ళే ముందు, సాయంత్రం వచ్చాక. బియ్యపు గింజంత చేప ముక్క పొడవాటి ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకుని, మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, రాయి వెనక దాని నోటి దగ్గర కదలకుండా ఉంచేది. ఒక్కోసారి పావుగంట. అంతసేపూ ఆయన రెండో చివర చిటికెడు మేత వేసి చేపల్ని ఆపేవాడు. "జనం రొయ్యల్ని తింటారు. మా ఇంట్లో రొయ్యకి గోరుముద్దలు," అన్నాడు ఒక రోజు. నెలలో అదే మొదటి నవ్వు.

పిల్ల గుమ్మంలోంచి చూసేది. దగ్గరికి వచ్చేది కాదు.

అయిదో వారం కళ్ళద్దాల దుకాణంలో అద్దం పగిలి ఆమె అరచెయ్యి తెగింది. మూడు కుట్లు. ఉప్పునీళ్ళలో పెట్టకూడదన్నారు. ఎడమ చేత్తో ప్రయత్నిస్తే ముక్క రెండుసార్లు జారింది, రెండుసార్లూ చేప మింగింది. ఆయన ఇంకా రాలేదు.

స్నానాల గదిలో చప్పుడైంది. పిల్ల స్టూలు తెచ్చి తొట్టి ముందు వేసింది. ఎక్కింది. పట్టకారు కోసం చెయ్యి చాపింది.

"నోటికి తగిలించకు, ముందర ఉంచు. అదే తీసుకుంటుంది," అంది ఆమె.

గాజులమ్మ చిన్న చేతులతో ముక్క అందుకుంది. పిల్ల దిగుతూ స్టూలు వంక చూసింది.

"దీని మీద ఉప్పు మరక ఉండాలి."

"తుడిచేశాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మీ నాన్న రాకముందు."

మర్నాడు పొద్దున పిల్ల ఎవరూ పిలవకుండానే స్టూలు వేసుకుంది. అలా ఎనిమిది రోజులు.

సెలవులిచ్చారు. అమ్మమ్మ పొద్దున్నే వచ్చింది. పిల్ల బట్టలు సర్దిన సంచి గుమ్మం దగ్గర ఉంది. ఆయన దాని పక్కనే నిలబడి ఉన్నాడు, ఎత్తడానికి చెయ్యి రాక. మేత పెట్టడానికి వెళ్ళిన పిల్ల తొట్టి దగ్గర్నుంచి, "రెండున్నాయి," అంది.

అందరూ అక్కడికి వెళ్ళారు. ఇసుక మీద ఒక డొల్ల, చేతుల్లేనిది. రాయి మీద గాజులమ్మ. దాని చేతులు సన్నగా, గాజుపుల్లల్లా ఉన్నాయి. వాటి మీద కూడా ఎరుపు పట్టీలు.

అమ్మమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "వచ్చాయే... పోన్లే. నువ్వు మూత తియ్యకపోతే ఇంత కథ ఉండేది కాదు, అమ్మా."

"ఆవిడ తియ్యలేదు," అంది పిల్ల. "నేను తీశాను."



"గాజులమ్మ పెద్దది, కొత్తది చిన్నది. తరిమేస్తుందనుకున్నా. చంపేసినా పర్లేదనుకున్నా. పెంకు విడిచిందని నాకు తెలీదు. క్యాలెండర్ చూడలేదు. ఆవిడ రాస్తోందని చూడటం మానేశా... నాన్న అడిగితే నేనే అని తను చెప్పేసింది. నేను ఊరుకున్నా."

ఆయన భార్య వంక చూశాడు. "నాతోనైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు కేకలేస్తారు. ఇది అన్నం మానేస్తుంది. మీ ఇద్దరికీ వేరువేరుగా వండే ఓపిక నాకు లేదు," అంది ఆమె.

పిల్ల పెన్ను తెచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి ఆ రోజు తేదీకి సున్నా చుట్టింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి పాత సున్నా మీద వేలు పెట్టింది. "ఇదేనా?"

"అదే."

"ఇవాళ మెత్తగా ఉంటుంది కదా. కొత్తదాని పెట్టె మూత ఎప్పుడు తియ్యాలి?"

"మీసాలు తడుముకుని ఊరుకుంటే. పది రోజులు చూద్దాం."

"అయితే పది రోజులు నేను ఉండాలి, అమ్మమ్మా. పిన్ని చెయ్యి ఇంకా మానలేదు."

పిన్ని అన్న మాట ఆ ఇంట్లో అదే మొదటిసారి. పిల్ల అదేమీ గమనించనట్టు మేత గిన్నె అందుకుంది.

అమ్మమ్మ గుమ్మం దగ్గరికి నడిచింది. సంచి ఎత్తింది. బరువుకి ఒక పక్కకి ఒరిగి, పిల్ల గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద పెట్టి వచ్చింది. వచ్చి, రెండో ఇల్లాలి ఎదురుగా నిలబడింది.

"రొయ్యకి పెట్టావు, పిల్లకి పెట్టావు," అంది. "పొద్దున్నుంచీ నువ్వేమైనా తిన్నావా, లేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కూర్చో. ఆ చేత్తో నువ్వేం కలుపుకుంటావు."