హుషారైన ప్లేటు

కెమిస్టును కారుతో గుద్ది చంపారు. అదే మధ్యాహ్నం ఆయన కొత్తగా కనిపెట్టిన మందు సీసాలన్నీ గదిలో తగలబడిపోయాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని కనిపెట్టడానికి చీఫ్‌కు వారం పట్టింది.

"విదేశీ ముఠా," అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి.

ఏజెంట్ ఆవులింత ఆపుకున్నాడు. సర్వీసులో చేరిన నాటి నుంచీ చీఫ్ చెప్పిన ప్రతి రహస్యాన్నీ అతను ముందురోజే పేపర్లో చదివి ఉన్నాడు.

ఈసారి మాత్రం చెవులు రిక్కించి విన్నాడు. ఆ మందు గుండె కండరం జబ్బుకి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బు. షటిల్ ఆడుతున్న అతని అన్నను నిలువునా కూల్చింది అదే. ఇప్పుడు అన్న కూతురికి వచ్చింది. ఆ పిల్ల రక్తంలోంచే ల్యాబులో స్టెమ్ సెల్స్ తయారుచేసి, వాటిని గుండె కణాలుగా పెంచారు. రెండు ప్లేట్లు. ఒకదాంట్లో మందు వేశారు, రెండోదాంట్లో వేయలేదు. ఏది ఏదో చూసేవాళ్లకు తెలియకూడదని కెమిస్టు ఎర్ర స్టిక్కరొకటి, పచ్చ స్టిక్కరొకటి అంటించి ఊరుకున్నాడు. పరిశోధనలో అదొక పద్ధతి. గుట్టు తెలిసిన ఒక్క మనిషీ పోయాడు. లోకంలో మిగిలిన మందల్లా మందు వేసిన ప్లేటులోని నాలుగు చుక్కలే. అవి దక్కితే విడదీసి మళ్లీ తయారుచేయొచ్చు. దక్కకపోతే ఆ పిల్లకూ ఏదో ఒకరోజు తండ్రి గతే.

"ఆ ముఠాలో మన మనిషి ఉంది. నెమలి. ఆవిడ జోలికి వెళ్లకు," అన్నాడు చీఫ్.

ఏజెంట్‌కు ఒళ్లు మండింది. నెమలి అంటే రెండు దేశాల జీతం తీసుకుంటూ మూడో దేశపు సెంటు పూసుకునే మనిషి. ఆవిడ మనవైపేనని నమ్మకం ఏమిటని అడిగితే, ఆవిడే చెప్పిందట. కోడ్ మాట 'ఉక్కపోతగా ఉంది'. జవాబు 'ఫ్యాను వేయండి'. దీన్ని ఆలోచించడానికి ఒక కమిటీ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఏజెంట్ మెకానిక్ వేషంలో ల్యాబులో దూరి, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ కింద పడుకున్నాడు. ల్యాబు నడిపే డాక్టరమ్మకు తనెవరో చెప్పి, రెండిట్లో మందు ఉన్నది ఏదో తేల్చే దారి లేదా అని అడిగాడు.

"ఈ జబ్బులో కండరం అవసరానికి మించి బిగుసుకుంటుంది, వదలడం చేతకాదు. మందు పనిచేస్తే నెమ్మదిస్తుంది," అంది ఆవిడ.

చిన్నప్పుడు అన్న ఛాతీ మీద చెయ్యి వేసి, నా కొడుకు గుండె ఎంత దిట్టంగా కొట్టుకుంటోందో అని అమ్మ మురిసిపోయేది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. అది తలుచుకుని ఏజెంట్ స్పానర్ గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడే టకటకమంటూ హైహీల్స్. నిధులిచ్చే సంస్థ ఇన్‌స్పెక్టర్ వేషంలో నెమలి దిగింది.

"ఉక్కపోతగా ఉందండీ," అన్నాడు ఏజెంట్ కిందనుంచి.

ఆవిడ ఫ్యాను మాట ఎత్తలేదు. లిప్‌స్టిక్ తీసింది. అది పిస్తోలు. ప్లేట్లు రెండూ మైక్రోస్కోపు కింద పెట్టమంది. తెరమీద పచ్చ ప్లేటులో కణాలు నింపాదిగా కదిలాయి. ఎర్ర ప్లేటులో ఎగిరెగిరి పడ్డాయి.

"గుండె అంటే ఇదీ. రెండోది చావుకి సిద్ధంగా ఉంది," అంది నెమలి.

ఇంత డబ్బు పోసి పంపినవాళ్లు ఈవిడకు ఒక్క పాఠం చెప్పించలేకపోయారా అని ఏజెంట్‌కు నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వు ఆరిపోయింది. ఎర్ర ప్లేటును హ్యాండ్‌బ్యాగులోని వెచ్చని పెట్టెలో సర్దుకుని, నెమలి బ్లీచ్ సీసా మూత తీసింది. వెనక ఏమీ మిగల్చకూడదని ఆవిడకు ఆర్డరు.

సీసా పచ్చ ప్లేటు మీదికి వంగింది. దాన్ని కాపాడబోతే అసలుది అదేనని తెలిసిపోతుంది. ఏజెంట్ దొర్లుకుంటూ వచ్చి ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ ఎర్రది మాత్రం తీసుకెళ్లకండి. మీకు పుణ్యముంటుంది."

హైహీల్ మెలికపడింది. సీసా జారి అతని వీపు మీద పడింది. ఒక్క చుక్క పచ్చ ప్లేటు అంచున తగిలి కిందికి కారింది, లోపలికి పోలేదు. నెమలి లిప్‌స్టిక్ పేల్చింది. గుండు గోడగడియారానికి తగిలింది. ఆ తుపాకీ తయారుచేసినవాడు జన్మలో లిప్‌స్టిక్ ముట్టుకుని ఉండడు. ఏడుస్తున్న మెకానిక్ మొహాన ఒక తాపు తన్ని, బ్యాగు గుండెలకు హత్తుకుని ఆవిడ గెలిచినదానిలా వెళ్లిపోయింది.

ఏజెంట్ లేచి తెరవైపు చూశాడు. అన్న కూతురి గుండె, గోరంత ముక్క, తొందర లేకుండా కొట్టుకుంటోంది. బ్లీచ్ ఘాటని డాక్టరమ్మతో అన్నాడు గానీ, అతను నిజంగానే ఏడ్చాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో నిప్పులు చెరిగాడు. నెమలి ప్లేటుతో సరిహద్దు దాటబోతోందట, ఇప్పుడైనా ఆపించాలట.

"ఆపకండి సార్," అన్నాడు ఏజెంట్, కాలిన వీపుకు మందు రాయించుకుంటూ. "ఆ ఎర్ర ప్లేటు కణాలకి వేళకి మేత మార్చాలి, వెచ్చగా చూసుకోవాలి, సెలవుల్లో కూడా. వాళ్లు సొంత ఖర్చుతో మా ఇంటి జబ్బును సాకుతామంటే మనమెందుకు కాదనాలి?"